టైఫాయిడ్‌కి దాచుకోవాల్సిన మాత్రని జలుబుకి మింగేస్తున్నాం

వానలు మొదలయ్యాక మా మర్రిపాలెంలో ఏ మందుల షాపు ముందు కాసేపు నిలబడినా ఈ మాట వినిపిస్తుంది: "అన్నా, జలుబు, గొంతునొప్పి, కొంచెం ఒళ్ళు వెచ్చగా ఉంది. ఓ అజిత్రో, ఓ పారాసెటమాల్ ఇచ్చెయ్." చీటీ ఉండదు, అవతలి మనిషి అడగడు. అజిత్రో, అంటే అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, 500 ఎంజీ మాత్రలు మూడు కవర్లో పడతాయి. అడిగినవాళ్ళనీ ఇచ్చినవాళ్ళనీ తిట్టడానికి నేనిది రాయడం లేదు. తెల్లారితే షిఫ్టుకి వెళ్ళాలి, సెలవు దొరకదు, డాక్టరు దగ్గరికి వెళ్తే ఫీజు కట్టి రెండు గంటలు కూర్చోవాలి. ఆ ఇబ్బంది మా ఇంట్లోనూ ఉంది. కానీ ఆ మూడు మాత్రలు చేసే పని ఆ ఇంటితో ఆగదు. ఆ తర్వాత ఏం జరుగుతుందో నేను రోజూ కళ్ళతో చూస్తాను కాబట్టి రాయాలనిపించింది.

నేను విశాఖలో ఒక ఆస్పత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. నెత్తురు, మూత్రం, కళ్ళె, పుండు దగ్గర తీసిన చీము మా టేబుల్ మీదకి వస్తాయి. వాటిలో ఏ సూక్ష్మజీవి ఉంది, దాన్ని ఏ మందు ఆపుతుంది అన్నది మేం చూసి రాస్తాం. డాక్టర్లు దాన్నే "కల్చర్ రిపోర్ట్ వచ్చిందా?" అని అడుగుతుంటారు. సిటీవాళ్ళే కాదు, శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచి, ఒడిశాలోని కొరాపుట్, జయపురం నుంచి కూడా జనం వైద్యానికి ఈ ఊరే వస్తారు. అందుకని ఉత్తరాంధ్ర మొత్తం ఏ మందులు మింగుతోందో మా ప్లేట్ల మీద కొంత తెలిసిపోతుంది.

ఆ ప్లేటు ఎలా ఉంటుందో చెప్తాను. లేత పసుపు రంగు అగర్, అంటే బ్యాక్టీరియా పెరిగే జెల్లీ లాంటి పదార్థం, పోసిన గుండ్రటి ప్లేటు, అరచేతిలో పడుతుంది. రోగి నెత్తురులో పెరిగిన బ్యాక్టీరియాని ఉప్పు నీళ్ళలో కలిపి, ఆ మసక సరిగ్గా ప్రామాణిక ట్యూబుతో సమానంగా వచ్చిందని చూసుకుని, దూది పుల్లతో ప్లేటంతా మూడు వైపుల నుంచీ పూస్తాం. దాని మీద మందు నింపిన చిన్న కాగితపు బిళ్ళలు పెడతాం. ఒక్కోటీ 6 మిల్లీమీటర్లు, మీద మందు పేరు పొట్టి అక్షరాల్లో ఉంటుంది. రాత్రంతా 35 డిగ్రీల వేడిలో ఉంచి పొద్దున్నే తీస్తాం. అప్పటికి ప్లేటంతా బ్యాక్టీరియా తెల్లటి పొరలా కమ్మేసి ఉంటుంది. మందు పనిచేసిన చోట మాత్రం బిళ్ళ చుట్టూ శుభ్రమైన వలయం కనిపిస్తుంది. ఆ వలయం ఎన్ని మిల్లీమీటర్లుందో స్కేలు పెట్టి కొలుస్తాం. పని చేయని మందు బిళ్ళ అంచు దాకా బ్యాక్టీరియా పెరిగి ఉంటుంది, అక్కడ మందు పెట్టినట్టే ఉండదు.

టైఫాయిడ్ బ్యాక్టీరియా పెరిగిన ప్లేటు మీద సిప్రోఫ్లోక్సాసిన్ బిళ్ళ చుట్టూ 31 మిల్లీమీటర్లు వస్తేనే ఆ మందు పనిచేస్తుందని రాయాలి. మా టేబుల్ మీద ఆ 31 చూడటం అరుదైపోయింది. ఇరవై ఏళ్ళ క్రితం టైఫాయిడ్ అనగానే రాసిన మందు అది. సెఫ్ట్రియాక్సోన్‌కి వలయం ఇంకా పెద్దగానే వస్తోంది, కానీ అది ఇంజెక్షన్. ఇక అజిత్రోమైసిన్. దానికి 13 మిల్లీమీటర్లు వస్తే చాలు. కాకపోతే అంచు చాలాసార్లు మసగ్గా ఉంటుంది, ఎక్కడ ఆగిందో తేల్చడం కష్టం. ప్లేటుని నల్లటి గుడ్డ మీద పెట్టి, లైటు పక్క నుంచి పడేలా వంచి చూస్తాం. నేను కొలిచాక మా సీనియర్ మేడమ్ మళ్ళీ కొలుస్తారు. 14 వచ్చినప్పుడు, అంటే హద్దు దగ్గరే ఆగినప్పుడు, ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం, ఎందుకంటే ఇంట్లో ఉండి మింగి టైఫాయిడ్ నయం చేసుకోగలిగే మాత్రలు మనకి చాలా కొద్దిగా మిగిలాయి. వాటిలో ముఖ్యమైనది ఇదే.

ఇక్కడిదాకా ఎలా వచ్చామో తెలిస్తే నా ఆందోళన మీకూ అర్థమవుతుంది. 1948 నుంచి టైఫాయిడ్‌కి క్లోరాంఫెనికాల్ వాడేవారు. అప్పటిదాకా ప్రాణాలు తీసిన జబ్బు మాత్రలతో తగ్గడం మొదలైంది. 1972లో కేరళలోని కాలికట్‌లో ఆ మందుకి లొంగని టైఫాయిడ్ పెద్ద ఎత్తున వచ్చింది. 1990ల నాటికి క్లోరాంఫెనికాల్, యాంపిసిలిన్, కో-ట్రైమోక్సజోల్ మూడింటికీ లొంగని రకం దేశమంతా కనిపించింది. అప్పుడు అందరూ సిప్రో పట్టుకున్నారు. జ్వరానికీ, విరేచనాలకీ, మూత్రంలో మంటకీ, ఒక్కోసారి ఏమీ లేకపోయినా అదే. కొన్నేళ్ళకి సిప్రో కూడా చేతులెత్తేసింది. 2016 చివర్లో పాకిస్తాన్ సింధ్‌లోని హైదరాబాద్ నగరంలో సెఫ్ట్రియాక్సోన్‌కి కూడా లొంగని టైఫాయిడ్ మొదలైంది. ఆ నిరోధక జన్యువులు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయం మీద ఉన్నాయి. పేగులో ఉండే ఈ-కోలై నుంచి టైఫాయిడ్ బ్యాక్టీరియా వాటిని తెచ్చుకుందని పరిశోధనలో తేలింది. వేరే జాతి బ్యాక్టీరియా దగ్గర తయారైన ఆయుధాన్ని ఇది అరువు తెచ్చుకుందన్నమాట. అక్కడి డాక్టర్లకి మిగిలినవి రెండే: నోటితో వేసుకునే అజిత్రోమైసిన్, నరంలోకి ఎక్కించే మెరోపెనెమ్. రెండోదానికి ఆస్పత్రిలో పడుకోవాలి, రోజుకి మూడుసార్లు ఎక్కించాలి. కూలికి వెళ్ళే ఇంట్లో ఇద్దరు పిల్లలకి ఒకేసారి టైఫాయిడ్ వస్తే ఏమవుతుందో ఆలోచించండి.

సింధ్ కథ మన దగ్గర జరగదనే హామీ ఏదీ లేదు. 2019లో బంగ్లాదేశ్ శాస్త్రవేత్తలు అజిత్రోమైసిన్‌కి లొంగని టైఫాయిడ్ ఎలా తయారవుతుందో కనిపెట్టారు. బ్యాక్టీరియా గోడలో మందుని బయటికి తోసే పంపు ఒకటి ఉంటుంది. ఆ పంపు ప్రోటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, పడవలోకొచ్చిన నీళ్ళు తోడి పోసినట్టు అజిత్రోని బయటికి తోడేస్తుంది. ఆ ఒక్క మార్పు ఎప్పుడో ఒకసారి ఎక్కడో ఒకచోట తనంతట తానే వస్తుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. వచ్చినది బతికి విస్తరించాలా, చచ్చిపోవాలా అన్నది మాత్రం చుట్టూ ఎంత అజిత్రో తిరుగుతోందన్న దాని మీద ఉంటుంది. అది మన చేతుల్లో ఉంది.

అందరూ అడిగేది, "జలుబుకి నేనేసుకుంటే టైఫాయిడ్‌కి ఏం సంబంధం?" అని. మా అపార్ట్‌మెంట్‌లో పిన్నిగారు కూడా అదే అడిగారు, మంచి ప్రశ్న. మాత్ర మన జబ్బు చోటుకి మాత్రమే వెళ్ళదు పిన్నీ, గొంతులో, పేగులో, చర్మం మీద ఉన్న కోట్ల బ్యాక్టీరియా అంతటికీ అది తగులుతుంది. లొంగేవి చస్తాయి, లొంగనివి మిగిలి ఆ చోటంతా ఆక్రమిస్తాయి. అజిత్రోకి ఇంకో గుణం ఉంది. ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది, రక్తంలో దాని మోతాదు సగమవ్వడానికే దాదాపు 3 రోజులు పడుతుంది. మూడు రోజులు మింగితే చాలని చెప్పేది అందుకే. కానీ ఆఖరి మాత్ర తర్వాత చాలా రోజులపాటు ఒంట్లో కొద్దికొద్దిగా మందు మిగిలి ఉంటుంది. చంపడానికి చాలదు, లొంగనివాటిని ఏరి పెట్టడానికి మాత్రం బాగా సరిపోతుంది. 2007లో యూరప్‌లో ఏ జబ్బూ లేనివాళ్ళకి మూడు రోజుల అజిత్రో ఇచ్చి గొంతులోని స్ట్రెప్టోకాకస్‌ని పరీక్షించారు. ఆరు నెలలు దాటాక కూడా, ఆ మందుకి లొంగనివి వాళ్ళ గొంతుల్లో మామూలు కంటే ఎక్కువగా ఉన్నాయి. జలుబు వైరస్‌తో వస్తుంది, దాని మీద యాంటీబయాటిక్ అసలు పనిచేయదు. మాత్ర వేసినా వేయకపోయినా వారానికి తగ్గుతుంది. చీమిడి పచ్చగా మారినంత మాత్రాన బ్యాక్టీరియా చేరిందని కాదు, వైరస్ జలుబులోనూ అలాగే మారుతుంది. అంటే జలుబు తగ్గడానికి ఆ మాత్ర చేసింది ఏమీ లేదు, చేసిందల్లా ఈ ఏరివేత.

అయితే ఈ కథలో నాకు ఆశ కలిగించే ముక్క కూడా ఉంది, అది నా చేతి కింద స్కేలుతో కొలిచేదే. అదే టైఫాయిడ్ ప్లేటు మీద క్లోరాంఫెనికాల్ బిళ్ళ పెట్టి చూడండి. 18 మిల్లీమీటర్లు వస్తే పనిచేసినట్టు. ఇప్పుడు దాని చుట్టూ పెద్ద, శుభ్రమైన, అంచు స్పష్టంగా ఉన్న వలయం వస్తోంది. ముప్ఫై ఏళ్ళ క్రితం ఓడిపోయిన మందు! యాంపిసిలిన్, కో-ట్రైమోక్సజోల్ కూడా అంతే. దేశవ్యాప్తంగా భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నెట్‌వర్క్ ఆస్పత్రుల్లో తేలిందీ ఇదే, నూటికి తొంభైకి పైగా టైఫాయిడ్ బ్యాక్టీరియా ఆ పాత మందులకి మళ్ళీ లొంగుతోంది. టైఫాయిడ్‌కి వాటిని వాడటం మానేశాం, ఆ నిరోధక శక్తిని మోసుకు తిరగడం బ్యాక్టీరియాకి దండగైపోయింది, కొత్త రకాలు వచ్చి పాతవాటి చోటు తీసుకున్నాయి. అలా అని రేపటినుంచి అందరికీ క్లోరాంఫెనికాల్ రాయలేరు. అరుదుగానే అయినా ఎముక మజ్జని దెబ్బతీసే ప్రమాదం దానిలో ఉంది. అన్ని బ్యాక్టీరియాలూ ఇలా వెనక్కి తగ్గవు కూడా. అయినా విశ్రాంతి ఇచ్చిన మందు మళ్ళీ పనిలోకి రాగలదని నా కళ్ళెదురుగా కనిపిస్తోంది. అలాంటప్పుడు ఇంకా పనిచేస్తున్న అజిత్రోని జలుబు మీద పారబోయడం చూస్తుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఇప్పుడు ల్యాబ్‌వాళ్ళుగా మేం నిస్సహాయులమయ్యే సందర్భం చెప్తాను. వివరాలు కొన్ని మార్చాను. కాలేజీ కుర్రాడు, పది రోజులుగా జ్వరం. మొదట మూడు రోజులు అజిత్రో ఎవరో ఇచ్చారు. తగ్గలేదని ఇంకోచోట సెఫిక్సిమ్ అనే వేరే యాంటీబయాటిక్, తర్వాత ఏదో ఇంజెక్షన్ రెండు పూటలు. ఏం ఇంజెక్షనో వాళ్ళమ్మకి తెలియదు, చీటీ లేదు. ఆస్పత్రికి వచ్చాక డాక్టరు బ్లడ్ కల్చర్ రాశారు. ఐదు రోజులు మెషిన్‌లో పెట్టినా ఏమీ పెరగలేదు. నెత్తురులో టైఫాయిడ్ బ్యాక్టీరియా మామూలుగానే చాలా తక్కువ ఉంటుంది, ఒక మిల్లీలీటరుకి ఒకటి కూడా ఉండకపోవచ్చు. అందుకే పెద్దవాళ్ళకి ఒక్కో సీసాకి 8 నుంచి 10 మిల్లీలీటర్లు తీస్తాం, "ఇంత నెత్తురు ఎందుకమ్మా" అని అడుగుతారు కూడా. దాని మీద అరకొర యాంటీబయాటిక్ పడితే ఉన్న కాసినీ దాక్కుంటాయి, జబ్బు మాత్రం పోదు. వాళ్ళమ్మ కౌంటర్ దగ్గర నిలబడి "రిపోర్ట్‌లో ఏం రాలేదంటే జబ్బు లేనట్టేనా మేడమ్?" అని అడిగింది. లేదమ్మా, మేం కనుక్కోలేకపోయాం అని చెప్పాల్సి వచ్చింది. డాక్టరు గుడ్డిగా పెద్ద మందు మొదలుపెట్టారు, ఆయనకి వేరే దారి లేదు. కుర్రాడు కోలుకున్నాడు. ఆ సీసాలు మొదటి మాత్రకి ముందు మా దగ్గరికి వచ్చి ఉంటే ఏ మందు చాలునో చెప్పగలిగేవాళ్ళం.

కాబట్టి మూడు రోజులకి మించి జ్వరం ఉండి, డాక్టరు యాంటీబయాటిక్ మొదలుపెడదామంటే, "సార్, మొదటి డోసుకి ముందు బ్లడ్ కల్చర్‌కి ఇమ్మంటారా?" అని అడగండి. ఇందులో తప్పేం లేదు, మంచి డాక్టరు సంతోషిస్తారు. కల్చర్‌లోనూ అన్నీ దొరకవు, పది టైఫాయిడ్ కేసుల్లో ఆరు దాకా బయటపడతాయి. అయినా వైడాల్ అనే నెత్తురు పరీక్ష కంటే చాలా మేలు. మన దగ్గర వైడాల్ చేయించి "టైఫాయిడ్ లైట్‌గా ఉందట" అంటూ ఎంతమంది యాంటీబయాటిక్స్ మింగారో లెక్కలేదు. వైడాల్ చూసేది బ్యాక్టీరియాని కాదు, యాంటీబాడీలని. ఎప్పుడో వచ్చి పోయిన ఇన్‌ఫెక్షన్‌కీ, వేరే జబ్బుకీ కూడా అది పాజిటివ్ రావచ్చు. ఒక్క వైడాల్ కాగితం చూసి మందు మొదలుపెట్టకూడదు.

నిజమైన బ్యాక్టీరియా జబ్బు ఉన్నప్పుడు మందు ఆలస్యం చేయమని మాత్రం నేను చెప్పడం లేదు. న్యుమోనియా, సెప్సిస్, మెదడు పొరల వాపు లాంటివాటిలో గంటలు కూడా విలువైనవే. చీటీలో రాసినన్ని రోజులు రాసినట్టు వేసుకోండి. మిగిలితే ఇంకొకరికి ఇవ్వకండి, పోయినసారి చీటీ చూపించి మళ్ళీ కొనకండి. స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. సెఫిక్సిమ్ లాంటివి 2014 మార్చి నుంచి హెచ్1 షెడ్యూల్ అనే కఠినమైన జాబితాలో ఉన్నాయి, ఎవరికి అమ్మారో షాపులో రిజిస్టరు రాసి మూడేళ్ళు ఉంచాలి. అజిత్రో ఆ జాబితాలో లేదు, మామూలు హెచ్ షెడ్యూల్. దానికీ చీటీ తప్పనిసరి. నన్నడిగితే దాన్ని కూడా ఆ రిజిస్టరులోకి ఎక్కించాలి.

ఇదంతా మాట్లాడుకుంటూ మనుషుల దగ్గరే ఆగితే అన్యాయం, జంతువుల మేతలోకీ ఈ మందులు వెళ్ళాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకి నాయకత్వం వహించినప్పుడే, బెంజమిన్ డగ్గర్ అక్కడ ఆరియోమైసిన్ కనిపెట్టారు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అది మొదటిది, 1948లో ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. మా అమ్మగారి ఊరు పాలకొల్లు దగ్గర, ఆ పేరు చెబితే ఇప్పటికీ గర్వంగా తల ఎత్తుతారు. రెండేళ్ళు తిరక్కుండానే, 1950లో, అదే సంస్థలో అదే మందు కోళ్ళ మేతలో కలిపితే త్వరగా పెరుగుతున్నాయని ప్రకటించారు. అక్కడినుంచి ప్రపంచమంతా జబ్బు లేని పశువులకి యాంటీబయాటిక్స్ పెట్టడం మొదలుపెట్టింది. మన దేశం 2019లో కోళ్ళకీ చేపలకీ కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. ఐసీయూలో ఏ మందూ పనిచేయనప్పుడు ఆఖర్న వాడే మందు అది, నిషేధం రావలసిన సమయం కంటే ఆలస్యంగానే వచ్చింది. మన రొయ్యల మీద 2016లో ఐరోపా సంఘం తనిఖీలు పెంచి సగం కన్‌సైన్‌మెంట్లని పరీక్షించడం మొదలుపెట్టింది, యాంటీబయాటిక్ అవశేషాలే కారణం. విశాఖ పోర్టులో కంటైనర్లు ఎక్కే రొయ్యలకి ల్యాబ్ పరీక్ష ఉంది. ఊళ్ళో మార్కెట్‌లో మనం కొనే రొయ్యకీ అంత పట్టింపు ఉండాలని నేను కోరుకుంటాను. చెరువుల మీద బతికే మా చుట్టాలకి కూడా ఇదే మాట చెప్తాను, వాళ్ళు వింటారు కూడా, ఎందుకంటే సరుకు వెనక్కొస్తే ఎంత నష్టమో వాళ్ళకి నాకంటే బాగా తెలుసు.

మళ్ళీ టైఫాయిడ్ దగ్గరికి. జబ్బే రాకపోతే మందే అక్కర్లేదు. తాగునీటి పైపు మురుగు కాలువలోంచి వెళ్ళేచోట చిన్న చిల్లు పడితే చాలు, వీధి మొత్తానికి జ్వరాలు వస్తాయి. కొండవాలు కాలనీల్లో ఆ పైపులు ఎలా వెళ్తున్నాయో నడిచి చూసినవాళ్ళకి తెలుసు. అవి మార్చడానికి ఏళ్ళు పడుతుంది. ఈలోగా టీకా ఉంది. హైదరాబాద్‌లోనే భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఆరు నెలలు నిండిన పిల్లలకే వేయొచ్చు. దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆమోదించింది. 2018లో నవీ ముంబై మున్సిపల్ కార్పొరేషన్ తొమ్మిది నెలల నుంచి పద్నాలుగేళ్ళ దాకా పిల్లలకి దాన్ని వేయడం మొదలుపెట్టింది. మన తెలుగు నేల మీద తయారైన టీకా అక్కడ కార్పొరేషన్ ఖర్చుతో పిల్లలకి అందింది. మన విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీ కూడా ఆ పని చేయాలి, పైపులు బాగా లేని కొండవాలు వార్డులతోనే మొదలుపెట్టాలి. మీ వార్డు కార్పొరేటర్‌ని కలిసినప్పుడు రోడ్డు, వీధి దీపంతో పాటు ఇది కూడా అడగండి. ఈలోపు మీ పిల్లల టీకా కార్డు తీసి ఈ టీకా పడిందో లేదో చూడండి. పడకపోతే వచ్చేసారి పిల్లల డాక్టర్‌ని అడిగి వేయించండి.